ఇంట్లో గుమ్మడికాయ ప్యాన్‌కేక్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

మేము ఇల్లినాయ్ రాష్ట్రంలో బ్లూమింగ్టన్‌లో ఉంటాం. అక్టోబరు వచ్చిందంటే శనివారం ఉదయం మా ఇంట్లో గుమ్మడికాయ ప్యాన్‌కేక్‌లే. తిని వెళ్ళిన స్నేహితులు తమ ఇంట్లో చేసుకున్నాక ఫోను చేసి చెప్పే సంగతులు దాదాపు ఒకేలా ఉంటాయి. మధ్యలో పచ్చిగా ఉండిపోయింది, పొంగలేదు, పెనానికి పట్టేసింది. ఏళ్ళుగా వాళ్ళకు చెబుతూ వచ్చిన జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. ఒక్క మాట ముందే చెబుతాను. ఈ వంటలో వచ్చే తంటాలు చాలావరకు గుమ్మడిలోని నీటి వల్ల వచ్చేవే. ఆ నీటి లెక్క తెలిస్తే మిగతాదంతా తేలిక.

ముందు కొలతలు చెప్పండి. నలుగురికి ఎంత కావాలి?

నాలుగు అంగుళాల వెడల్పున 10 నుంచి 12 వస్తాయి. పెద్దవాళ్ళిద్దరికీ, ఇద్దరు పిల్లలకూ సరిపోతాయి.

మైదా 1 కప్పు, గోధుమపిండి అర కప్పు
గుమ్మడి గుజ్జు ముప్పావు కప్పు (సుమారు 180 గ్రాములు)
చిక్కటి మజ్జిగ 1 కప్పు
గుడ్డు 1
కరిగించిన వెన్న 2 టేబుల్‌స్పూన్లు
బెల్లం పొడి లేదా బ్రౌన్ షుగర్ 2 టేబుల్‌స్పూన్లు
బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్లు, వంటసోడా అర టీస్పూను
ఉప్పు అర టీస్పూను
దాల్చిన చెక్క పొడి 1 టీస్పూను, శొంఠి పొడి అర టీస్పూను, జాజికాయ పొడి పావు టీస్పూను, లవంగాల పొడి చిటికెడు

పొడి వస్తువులన్నీ ఒక గిన్నెలో జల్లించుకోవాలి. తడివన్నీ ఇంకో గిన్నెలో బాగా గిలకొట్టాలి. తడిని పొడిలో పోసి, పిండి తెల్లగా కనిపించడం మానేదాకా మాత్రమే కలిపి, పది నిమిషాలు వదిలేయాలి. పిండి చిక్కదనం అటు గారెల పిండీ కాదు, ఇటు దోసెల పిండీ కాదు, ఇడ్లీ పిండిలా ఉండాలి. గరిటెతో ఎత్తి వంచితే ధారగా కారకుండా ముద్దలు ముద్దలుగా జారాలి.

మజ్జిగ విషయంలో ఒక జాగ్రత్త. అమెరికా దుకాణాల్లో దొరికే మజ్జిగ చిక్కగా, పుల్లగా ఉంటుంది. మనం అన్నంలో పోసుకునే పలుచటి మజ్జిగ పోస్తే పిండి నీరైపోతుంది. అది దొరకనివాళ్ళు అర కప్పు పెరుగు, అర కప్పు పాలు కలిపి వాడుకోవచ్చు. అందులో పులుపు ఉండడం ముఖ్యం, వంటసోడా పని చేసేది ఆ పులుపుతో కలిసినప్పుడే.

డబ్బా గుజ్జు మంచిదా, ఇంట్లో ఉడికించింది మంచిదా?

ప్యాన్‌కేక్‌ల వరకు నేను డబ్బాకే ఓటు వేస్తాను. ఇంటి గుజ్జు తక్కువదని కాదు, డబ్బా గుజ్జులో నీరు ఎప్పుడూ ఒకేలా ఉంటుందని. ఇక్కడ అందరూ కొనే లిబ్బీస్ డబ్బా మా ఊరికి దగ్గర్లోని మోర్టన్‌లోనే తయారవుతుంది. 74వ నంబరు అంతర్రాష్ట్ర రహదారి మీద పియోరియా వైపు వెళితే నలభై నిమిషాల ప్రయాణం. ఆ ఊరు తనను ప్రపంచ గుమ్మడి రాజధానిగా చెప్పుకుంటుంది, ఏటా సెప్టెంబరులో గుమ్మడి పండుగ కూడా చేస్తుంది. కోత కాలంలో అటు వెళితే, తీగలు ఎండిపోయిన పొలాల్లో లేత గోధుమ రంగు కాయలు పొర్లుతూ కనిపిస్తాయి. అక్టోబరు చివర్లో వచ్చే హాలోవీన్ పండుగకు ముఖాలు చెక్కి గుమ్మాల ముందు పెట్టే నారింజ రంగు కాయలు అవి కావు.

ఆ డబ్బాలోకి వెళ్ళేది డికిన్సన్ అనే రకం. వృక్షశాస్త్రం ప్రకారం అది కుకుర్బిటా మోస్కాటా జాతి. మన మార్కెట్లో ముక్కలు కోసి అమ్మే తియ్య గుమ్మడి కూడా ఎక్కువగా ఈ జాతిదే, బటర్‌నట్ స్క్వాష్ కూడా ఇదే. అందుకే డబ్బా తెరిచినప్పుడు వచ్చే వాసన మనకు కొత్తగా అనిపించదు, పులుసులో ఉడికిన గుమ్మడి ముక్క గుర్తుకొస్తుంది.

కొనేటప్పుడు పేరు చదవండి. పక్కపక్కనే దాదాపు ఒకేలాంటి రెండు డబ్బాలు ఉంటాయి. ఒకటి ఒట్టి గుమ్మడి గుజ్జు, మరొకటి పంప్‌కిన్ పై అనే తీపి వంటకం కోసం చక్కెర, మసాలా ముందే కలిపింది. వెనక పదార్థాల జాబితాలో గుమ్మడి ఒక్కటే ఉండాలి. మేము కొత్తగా వచ్చినప్పుడు రెండోది తెచ్చి, దాని మీద మళ్ళీ చక్కెర వేసి చేశాం. పెనం మీద వేసిన నిమిషంలోపే అడుగు నల్లబడింది.

హాలోవీన్‌కు కొన్న పెద్ద గుమ్మడికాయ వాడుకోవచ్చా?

ముఖం చెక్కి, దీపం పెట్టి, నాలుగు రోజులు బయట ఉంచిన కాయ వద్దు. చెక్కని కాయ అయితే తినవచ్చు గానీ రుచి ఉండదు. అది చెక్కడానికి అనువుగా పెంచిన రకం, పీచు ఎక్కువ, తీపి తక్కువ, నీరు మరీ ఎక్కువ. ఇంట్లో గుజ్జు చేయాలంటే రెండు కిలోల లోపు ఉండే షుగర్ పంప్‌కిన్ గానీ, బటర్‌నట్ గానీ, ముదురాకుపచ్చ తొక్కతో ఉండే కబోచా గానీ తీసుకోండి. అలంకరణకు అమ్మే చిన్నచిన్న రంగుల కాయలు మాత్రం అసలు తినకూడదు.

ఏ గుమ్మడి అయినా కోయగానే చిన్న ముక్క కొరికి చూడండి, దోసకాయ చేదు చూసుకున్నట్టే. చేదుగా ఉంటే మొత్తం పారేయాలి. ఆ చేదు కుకుర్బిటాసిన్లనే పదార్థాల వల్ల వస్తుంది, ఉడికించినా పోదు, తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి.

మరి ఇంట్లో గుజ్జు చేయడం ఎలా?

కాయను నిలువునా రెండు చెక్కలు చేసి, గింజలు తీసి, కోసిన వైపు కిందకు ఉండేలా పళ్ళెంలో బోర్లించి, ఓవెన్‌లో 400 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర 45 నుంచి 50 నిమిషాలు ఉంచాలి. తొక్క మీద వేలితో నొక్కితే సొట్ట పడాలి. చల్లారాక గుజ్జును చెంచాతో గీరి మిక్సీలో వేయాలి.

చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను, అమ్మ తెనాలి నుంచి వచ్చేదాకా. ఆ రోజు అమ్మ ముందుగా మా వారిని పిలిచి కాయకు మొదటి గాటు ఆయన చేత పెట్టించింది. నిండు గుమ్మడికాయను ఆడవాళ్ళు మొదట కోయకూడదన్నది మా ఇంట్లో పాత పట్టింపు. మిక్సీలోంచి తీసిన గుజ్జును చూసి, "ఇంత నీళ్ళగా ఉంటే అట్టు ఎలా నిలుస్తుందమ్మా?" అంది. పెట్టెలోంచి పాత నూలు చీర ముక్క తీసి, గుజ్జును అందులో మూట కట్టి, సింకు కుళాయికి వేలాడదీసి, కింద గిన్నె పెట్టింది. గంట తర్వాత చూస్తే ఆ గిన్నెలో ముప్పావు కప్పు నీళ్ళు ఉన్నాయి, లేత నారింజ రంగులో, పచ్చి గుమ్మడి వాసనతో. అన్నాళ్ళూ ఆ నీళ్ళన్నీ నేను పిండిలో కలిపేస్తున్నానని అప్పుడు తెలిసింది. మూట విప్పితే గుజ్జు ముద్ద గుడ్డ అచ్చుతో సహా నిలబడింది, చెంచా గుచ్చితే పక్కకు వాలలేదు. కింద చేరిన నీళ్ళను అమ్మ పారబోయలేదు, సాయంత్రం పులుసులో పోసింది.

గుడ్డ లేకపోతే, వెడల్పాటి మూకుడులో గుజ్జు వేసి సన్నని సెగ మీద పది నిమిషాలు కలుపుతూ ఉండండి. గరిటెతో గీత గీస్తే ఆ గీత మూసుకుపోకుండా రెండు క్షణాలు నిలవాలి. పొయ్యి మీద ఆరిన గుజ్జుకు తీపి కూడా కాస్త పెరుగుతుంది.

మేము విజయవాడలో ఉంటాం. డబ్బా, ఓవెన్ రెండూ లేవు. కుదురుతుందా?

చక్కగా కుదురుతుంది. బాగా పండిన తియ్య గుమ్మడి ముక్క, లోపల ముదురు పసుపు రంగులో ఉన్నది తీసుకోండి. వడియాలు పెట్టే బూడిద గుమ్మడికాయ దీనికి పనికిరాదు. ముక్కలను కుక్కర్‌లో నీళ్ళు పోసి ఉడికించకండి, ఇడ్లీ రేకుల మీద పెట్టి ఆవిరికి ఉడికించండి. పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు చాలు. మెదిపాక పైన చెప్పినట్టు మూకుడులో ఆరబెట్టడం మాత్రం మానవద్దు. ప్యాన్‌కేక్‌లకు దోసెల పెనమే వాడుకోవచ్చు, కాకపోతే మసాలా దోసెలు పీల్చుకున్న పాత ఇనుప పెనం వద్దు. ఆ వాసన దాల్చిన చెక్కతో కలవదు.

పైన ఎర్రగా కాలుతోంది, లోపల పచ్చిగా జిగురుగా ఉంటోంది. ఎందుకు?

నన్ను అందరికన్నా ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. మామూలు ప్యాన్‌కేక్‌కు లేని రెండు ఇబ్బందులు దీనికి ఉన్నాయి. గుమ్మడిలో నీరు ఎక్కువ, ఆ నీరు వేడెక్కి కొంత ఆవిరయ్యేదాకా లోపల పిండి గట్టిపడదు. గుమ్మడిలోనూ బెల్లంలోనూ ఉన్న చక్కెరల వల్ల, సోడా వల్ల పైన రంగు మాత్రం తొందరగా వచ్చేస్తుంది. అంటే పైభాగం పరుగెత్తుతుంటే లోపలిభాగం నడుస్తూ ఉంటుంది. ఆ రెంటినీ కలపాలంటే మంట తగ్గించడం ఒక్కటే దారి.

పెనాన్ని మధ్యస్థంగా కాగనిచ్చి, నీళ్ళు చిలకరిస్తే చుక్కలు గెంతుతూ ఆవిరైనప్పుడు మంట బాగా తగ్గించి పిండి వేయండి. పావు కప్పు పిండి పోసి, గరిటె వెనక భాగంతో కొద్దిగా మాత్రమే సర్దాలి. అర అంగుళం కన్నా మందంగా ఉండకూడదు. మొదటి వైపు రెండున్నర నుంచి మూడు నిమిషాలు, రెండో వైపు రెండు నిమిషాలు. మామూలు ప్యాన్‌కేక్‌లా పైన బుడగలు నిండుగా వస్తాయని ఎదురుచూడకండి, గుమ్మడి పిండి బరువు వల్ల బుడగలు తక్కువే కనిపిస్తాయి. అంచు చూడండి. అంచు చుట్టూ మెరుపు పోయి, ఆరినట్టు మసకగా మారినప్పుడు తిరగేయాలి. రెండో వైపు అయ్యాక మధ్యలో వేలితో మెల్లగా నొక్కితే స్పాంజిలా మళ్ళీ పైకి లేవాలి.

ఇవన్నీ చేసినా పచ్చిగానే ఉంటే గుజ్జులో నీరు మిగిలిందని అర్థం. పిండిలో రెండు టేబుల్‌స్పూన్ల మైదా కలిపి ఆ పూట గట్టెక్కండి, తర్వాతిసారి గుజ్జు ఇంకాస్త ఆరబెట్టండి.

దోసెలు బాగా వేస్తాను, ఇవి మాత్రం రబ్బరులా వస్తున్నాయి. తప్పు ఎక్కడుంది?

దోసెలు బాగా వేయడంలోనే ఉంది. మన చేతికి అలవాటైన పద్ధతులు కొన్ని ఇక్కడ ఎదురు తిరుగుతాయి.

దోసెల పిండిని ఎంత గిలకొడితే అంత మంచిది. అందులో ఉన్నవి బియ్యం, మినుములు కాబట్టి గ్లూటెన్ (గోధుమపిండిని సాగేలా చేసే జిగురు పదార్థం) లేదు. మైదాను అలా కలిపితే గ్లూటెన్ సాగి, అట్టు తోలులా తయారవుతుంది. చిన్నచిన్న ఉండలు కనిపిస్తున్నా గరిటె కింద పెట్టేయండి, పది నిమిషాల నానుడులో అవి కరిగిపోతాయి.

దోసెల పిండి రాత్రంతా పులిసి పొంగుతుంది. ప్యాన్‌కేక్ పిండిలో సోడా, మజ్జిగ కలిసిన క్షణమే గాలి పుడుతుంది, ఆ గాలి ఎక్కువసేపు ఆగదు. కలిపాక అరగంట లోపు పెనం మీదకు వెళ్ళిపోవాలి. రాత్రి కలిపి ఫ్రిజ్‌లో పెట్టిన పిండి పొద్దుటికి చప్పబడిపోతుంది.

దోసె చుట్టూ నూనె వేస్తాం. దీని అంచున నూనె పోస్తే అంచు పూరీలా వేగి, మధ్యభాగం మెత్తగా మిగులుతుంది. పెనాన్ని వెన్న అద్దిన గుడ్డతో తుడిస్తే చాలు. ఉల్లిపాయ చెక్కతో రుద్దే అలవాటు ఈ ఒక్క పూట పక్కన పెట్టండి. తిరగేశాక అట్లకాడతో ఒత్తడం కూడా వద్దు, ఒత్తితే అంతసేపూ పోగు చేసుకున్న గాలి బయటకు పోతుంది.

గుడ్డు లేకుండా చేయవచ్చా? ఇప్పుడు కార్తీక మాసం.

అమెరికాలో గుమ్మడి కాలమూ మన కార్తీకమూ దాదాపు కలిసే వస్తాయి. దీపావళి మర్నాటి నుంచి మా ఇంట్లో నెల రోజులు గుడ్డు ముట్టం, దుకాణాల నిండా గుమ్మడి డబ్బాలు ఉండేది కూడా అప్పుడే. అందుకని ఈ పద్ధతిని చాలాసార్లు చేసి చూసి కుదుర్చుకున్నాను.

ఒక టేబుల్‌స్పూను అవిసె గింజల పొడిని మూడు టేబుల్‌స్పూన్ల నీళ్ళలో పది నిమిషాలు నానబెడితే గుడ్డు తెల్లసొనలా జిగురు కడుతుంది. గుడ్డు బదులు అది వేసి, బేకింగ్ పౌడర్ ఇంకో అర టీస్పూను పెంచండి. గుజ్జు ముప్పావు కప్పుకు బదులు అర కప్పు చాలు. గుడ్డు లేనప్పుడు అట్టును పట్టి నిలిపేది తక్కువ, కాబట్టి తడి కూడా తగ్గాలి. మూడు అంగుళాలకు మించకుండా చిన్నవిగా వేస్తే తిరగేసేటప్పుడు విరగవు. అవిసె పొడి లేకపోతే పావు కప్పు గట్టి పెరుగు వేసి, మజ్జిగ రెండు టేబుల్‌స్పూన్లు తగ్గించవచ్చు. రుచి బాగుంటుంది, మెత్తదనం మాత్రం అవిసెతోనే ఎక్కువ.

పంప్‌కిన్ స్పైస్ అని అమ్ముతారు. అది కొనాలా?

అక్కర్లేదు. అందులో గుమ్మడి ఉండదు. పంప్‌కిన్ పైలో వేసే దాల్చిన చెక్క, శొంఠి, జాజికాయ, లవంగం, ఆల్‌స్పైస్ (మిరియాల్లా కనిపించే ఒక మసాలా గింజ) పొడుల కలయిక అది. మెకార్మిక్ కంపెనీ దాన్ని 1934లో అమ్మకానికి పెట్టింది. ఆల్‌స్పైస్ తప్ప మిగతావన్నీ మన పోపుల అలమరలో ఉండేవే, ఆల్‌స్పైస్ లోటును ఇంకో చిటికెడు లవంగం తీరుస్తుంది. జాజికాయను అప్పటికప్పుడు అరగదీసి వేయండి, ఇంటి నిండా వాసన వచ్చేది దాని వల్లే. యాలకులు వేస్తే బాగానే ఉంటుంది గానీ, తినేవాళ్ళకు హల్వా గుర్తుకొస్తుంది.

మొత్తం గోధుమపిండితో చేయవచ్చా?

మన రొట్టెల పిండితో అయితే మజ్జిగ ఇంకో మూడు, నాలుగు టేబుల్‌స్పూన్లు పడుతుంది. తిరగలి రాపిడికి పిండిలోని గంజి పదార్థం నలిగి ఉంటుంది కాబట్టి అది నీటిని ఎక్కువగా పీలుస్తుంది. పొంగడం కొంచెం తగ్గుతుంది, కడుపు నిండుతుంది. పిల్లలకు మెల్లగా అలవాటు చేయాలంటే సగం సగంతో మొదలుపెట్టండి. రాగిపిండి పావు వంతు దాటితే పొడిపొడిగా విరుగుతాయి.

బేకింగ్ పౌడర్ వేసినా పొంగలేదు.

డబ్బా ఎప్పటిదో చూడండి. పావు కప్పు వేడినీళ్ళలో అర టీస్పూను వేస్తే నురగలు కక్కుతూ లేవాలి. లేవకపోతే అది పాడైనట్టే. వంటసోడానైతే నిమ్మరసంలో వేసి చూడాలి.

డబ్బాలో మిగిలిన గుజ్జు ఏం చేయాలి?

425 గ్రాముల డబ్బాలో సుమారు ఒకటి ముప్పావు కప్పుల గుజ్జు ఉంటుంది. ఒకసారి చేశాక కప్పు మిగులుతుంది. రేకు డబ్బాలోనే వదిలేయకుండా గాజు గిన్నెలోకి మార్చి మూత పెట్టండి, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటుంది. ఐస్ ట్రేలో గడ్డకట్టించి సంచిలో దాచుకుంటే మూడు నెలలు వాడుకోవచ్చు. కరిగాక పైన తేలిన నీటిని వంచేయడం మరవకండి. నేను సగం దాచి, సగంలో చింతపండు పులుసు, బెల్లం వేసి పోపు పెడతాను. ఒక కప్పు డబ్బా గుజ్జులో సుమారు 7 గ్రాముల పీచు ఉంటుంది, పారేయడానికి మనసు రాదు.

బడి రోజుల్లో అంత తీరిక లేదు. ముందే చేసి పెట్టుకోవచ్చా?

రెండు దారులున్నాయి. రాత్రి పొడి వస్తువులు ఒక గిన్నెలో, తడివి ఫ్రిజ్‌లో ఇంకో గిన్నెలో పెట్టుకుని పొద్దున్న కలపడం ఒకటి. శనివారమే రెండింతలు చేసి, పూర్తిగా చల్లారాక పళ్ళెంలో విడివిడిగా పరిచి గడ్డకట్టించి, సంచిలో వేసుకోవడం రెండోది. రెండు నెలల వరకు బాగుంటాయి. తీసినవి నేరుగా టోస్టర్‌లో పెట్టాలి, మైక్రోవేవ్‌లో పెడితే చెమటపట్టినట్టు తడిసిపోతాయి.

అందరూ ఒకేసారి కూర్చుని తినాలంటే ఓవెన్‌ను 200 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉంచి, అయినవాటిని జాలీ మీద ఒక వరసగా పేర్చండి. ఒకదాని మీద ఒకటి పెడితే ఆవిరికి అడుగువి మెత్తబడతాయి. మా ఇంట్లో ఆఖరిది వేసేదాకా ఎవరూ మొదలుపెట్టరు, శనివారం మాత్రం అందరం కలిసే తింటాం.

పైన ఏం వేసుకోవాలి?

అసలైన మేపుల్ సిరప్ కొంచెం ఖరీదైనా అదే తీసుకోండి. సుమారు 40 లీటర్ల చెట్టు నీరు మరిగిస్తే ఒక లీటరు పాకం వస్తుంది, ధర అందుకే. ప్యాన్‌కేక్ సిరప్ పేరుతో అమ్మేది ఎక్కువగా మొక్కజొన్న పాకమే. మేపుల్ లేనివాళ్ళు లేత బెల్లం పాకంలో ఒక చెంచా నెయ్యి, చిటికెడు ఉప్పు వేసి చూడండి. గుమ్మడికి బెల్లం ఎలాగూ దగ్గరి చుట్టమే. ఏడాది నిండని పిల్లలకు మాత్రం తేనె ఒక్క చుక్క కూడా పెట్టకూడదు.

మా మామగారికి పొద్దున్నే తీపి పడదు. ఆయనకు వేరే టిఫిన్ చేయాలా?

అదే గుజ్జుతో ఆయనకు గుమ్మడి అట్టు వేయండి. అర కప్పు గుజ్జు, ముప్పావు కప్పు బియ్యప్పిండి, రెండు చెంచాల పెరుగు, తరిగిన పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర, ఉప్పు, తగినన్ని నీళ్ళు కలిపి పలుచగా వేసి, చుట్టూ నూనె పోసి కాల్చాలి. ఇక్కడ దోసెల అలవాట్లన్నీ పనికొస్తాయి. అల్లం పచ్చడితో ఇస్తే పిల్లలు కూడా ఆయన పళ్ళెం వైపే చూస్తారు.

గింజలు పారేయాలా?

వద్దు. కడిగి, గుడ్డ మీద రాత్రంతా ఆరబెట్టి, నూనె, ఉప్పు, కారం పట్టించి ఓవెన్‌లో 325 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర పావుగంట నుంచి ఇరవై నిమిషాలు వేయించండి. ఓవెన్ లేకపోతే మూకుడులో మూత పెట్టి, చిటపటలాడడం ఆగేదాకా.